కారు టర్బో లోపం: వెతకడం, తేల్చుకోవడం, సరిచేయడం

"బండికి పికప్ పోయింది, టర్బో మార్చాలంటున్నారు, నిజమేనా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. పొగ బలంతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది టర్బో. అది పోయిందనడం చాలాసార్లు నిజం కాదు. చిరిగిన హోస్ పైపు, వదులైన క్లాంపు, పగుళ్లిచ్చిన సన్నటి వాక్యూమ్ గొట్టం, మసి పట్టిన సెన్సరు, వీటిలో ఏది ఉన్నా టర్బో పోయినట్టే కనిపిస్తుంది. అది చూడకుండా టర్బో మారిస్తే డబ్బు పోతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

నిజంగానే టర్బో పోయిన బండ్లలో ఇంకో తిరకాసు ఉంది. టర్బో తనంతట తాను పోవడం అరుదు. ఆయిల్ అందక పోతుంది, ఆయిల్‌లో మురికి వల్ల పోతుంది, గాలితో పాటు ఏదో ముక్క లోపలికి వెళ్లి పోతుంది. ఆ కారణం పట్టుకోకుండా కొత్తది బిగిస్తే అదీ అదే దారి పడుతుంది. అందుకే ఇక్కడ విప్పడం, బిగించడం కంటే వెతకడానికే ఎక్కువ చోటిచ్చాను.

పెట్రోల్, డీజిల్ రెండింటికీ ఇదే పద్ధతి. తేడా ఉన్నచోట చెప్పాను. బోల్టుల టార్క్, ఆయిల్ గ్రేడు, బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) అంకెలు మాత్రం మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నవే వాడాలి.

1. బండిని నడపొచ్చా, వద్దా?

వెతకడం మొదలుపెట్టకముందే ఇది తేల్చాలి. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంజన్ స్టార్ట్ చేయకండి. షెడ్డుకి తీసుకెళ్లాలన్నా లాగించుకునే వెళ్లండి.

- సైలెన్సర్ నుంచి దట్టంగా నీలి పొగ వస్తోంది, ఆయిల్ మట్టం వేగంగా పడిపోతోంది
- లోహం లోహాన్ని రాసుకుంటున్న గరగర శబ్దం
- ఆయిల్ ప్రెషర్ లైటు వెలుగుతోంది
- ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లార్చేది) పైపు విప్పితే ఆయిల్ ధారగా కారుతోంది

చివరిది డీజిల్ బండిలో మరీ ప్రమాదం. టర్బో నుంచి కారిన ఇంజన్ ఆయిల్ గాలితో కలిసి సిలిండర్లలోకి వెళితే ఇంజన్ దాన్నే ఇంధనంగా కాల్చుకుంటుంది. అప్పుడు తాళం తిప్పేసినా ఆగదు. ఆర్‌పీఎం దానంతటదే పెరిగి ఇంజన్ పగిలే దాకా వెళ్తుంది.

అలా జరిగితే, గేర్ల బండి అయితే బ్రేకు బలంగా తొక్కిపెట్టి, పెద్ద గేరు (నాలుగోదో, ఐదోదో) వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ను ఆపేయాలి. వీలుకాకపోతే బండికి దూరంగా జరగండి. గాలి దారికి చెయ్యి అడ్డం పెట్టే సాహసం మాత్రం వద్దు.

2. సిద్ధం చేసుకోవలసినవి

- లైవ్ డేటా చూపించే ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు, అంకెలు చదివేది). కోడ్ మాత్రమే చదివే చవక రకంతో ఈ పని సగమే అవుతుంది
- చేతి వాక్యూమ్ పంపు, గేజీతో సహా
- టార్చి, చిన్న అద్దం
- సబ్బు నీళ్లు నింపిన స్ప్రే సీసా
- టార్క్ రెంచి, సాకెట్ల సెట్టు, తుప్పు వదిలించే ఆయిల్
- జాకీతో పాటు గట్టి స్టాండ్లు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరొద్దు
- చేతి తొడుగులు, కళ్లద్దాలు
- నూలు రాలని శుభ్రమైన గుడ్డలు, విప్పిన రంధ్రాలు మూయడానికి మూతలు
- ఒక నోటు పుస్తకం, ఫోన్ కెమెరా

ఇంజన్ నడిపి చూసే పనులన్నీ ఆరుబయటే చేయండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. చేత్తో ముట్టుకునే పనులకి మాత్రం ఇంజన్ పూర్తిగా చల్లారాలి. పెట్రోల్ బండిలో టర్బోకి వచ్చే పొగ వేడి 900 డిగ్రీలు దాటగలదు. బానెట్ తెరిచి అరగంట ఆగితే సరిపోదు.

3. లక్షణాలను కాగితం మీద పెట్టండి

"పికప్ లేదు" అన్న ఒక్క మాటతో ఏదీ తేలదు. ఎప్పుడు లేదు? చల్లటి ఇంజన్‌తోనా, వేడెక్కాకా? ఎత్తు ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి చచ్చిపోయి, ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే బాగానే ఉంటోందా? చివరి ప్రశ్నకు అవునంటే అది లింప్ మోడ్. కంప్యూటర్ ఏదో తేడా గమనించి శక్తిని తగ్గించేసింది. కోడ్ దాదాపు ఎప్పుడూ దాచుకుని ఉంటుంది.

పొగ రంగు చాలా చెబుతుంది.

నల్ల పొగ. డీజిల్‌లో ఇంధనానికి తగ్గ గాలి అందడం లేదు. పైపు లీకేజీ, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు మొదటి అనుమానితులు. ఇంజెక్టర్ కారడం, ఈజీఆర్ వాల్వు (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపేది) తెరుచుకుని ఇరుక్కోవడం కూడా ఇలాగే కనిపిస్తాయి.

నీలి పొగ. ఆయిల్ కాలుతోంది. టర్బో నుంచి రావచ్చు, వాల్వు సీళ్లు, పిస్టన్ రింగుల నుంచీ రావచ్చు. ఇంటర్‌కూలర్ పైపులు పొడిగా ఉండి నీలి పొగ వస్తుంటే టర్బో టర్బైన్ (పొగ తిప్పే చక్రం) వైపు సీలో, ఇంజనో చూడాలి.

తెల్ల పొగ, ఆగకుండా. కూలెంట్ మట్టం చూడండి. ఇది టర్బో వల్ల కావడం అరుదు, హెడ్ గ్యాస్కెట్ అనుమానం ముందు తీర్చుకోండి.

ఇక శబ్దాలు. లోడు మీద "స్‌స్‌స్" మంటే గాలి లీకు. సన్నటి ఈల కొంతవరకు మామూలే. ఆ ఈల ఈ మధ్యే పెరిగి సైరన్‌లా మారితే బేరింగు గానీ, రెక్కలు గానీ దెబ్బతిన్నాయి. రేజ్ చేసినప్పుడు రేకు అదురుతున్న టకటక వినిపిస్తే వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగను టర్బైన్ పక్కనుంచి పంపేసే తలుపు) లింకులో ఆట, అంటే వదులు, పెరిగిందేమో చూడాలి.

4. స్కానర్ పెట్టండి, కోడ్ చెరపకండి

ముందు కోడ్‌లన్నీ, వాటితో పాటు దాచిన ఫ్రీజ్ ఫ్రేమ్ (లోపం వచ్చిన క్షణంలోని అంకెలు) వివరాలూ ఫొటో తీసుకోండి. ఎక్కువగా కనిపించేవి ఇవి:

- పీ 0299: బూస్ట్ తక్కువ
- పీ 0234: బూస్ట్ ఎక్కువ
- పీ 0045: బూస్ట్ కంట్రోల్ సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) సర్క్యూట్
- పీ 0101: గాలి ప్రవాహం కొలిచే మాఫ్ సెన్సరు లెక్క కుదరడం లేదు
- పీ 0236: బూస్ట్ ప్రెషర్ సెన్సరు లెక్క కుదరడం లేదు

పీ 0299 అంటే "టర్బో మార్చండి" అని కాదు. అడిగినంత ఒత్తిడి రాలేదని మాత్రమే. ఎందుకు రాలేదో అది చెప్పదు.

తర్వాత ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి మ్యాప్ సెన్సరు (ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) విలువ చూడండి. బయటి గాలి పీడనమే అక్కడ కనిపించాలి. సముద్ర మట్టంలో సుమారు 101 కిలోపాస్కల్, 1000 మీటర్ల ఎత్తులో సుమారు 90. దీనికి చాలా తేడాగా ఉంటే ముందు సెన్సరునీ, దాని వైరింగునీ చూడండి. మసి పట్టిన సెన్సరు కొన్నిసార్లు ఇక్కడే దొరికిపోతుంది.

ఇప్పుడు రోడ్డు పరీక్ష. ఖాళీ రోడ్డు కావాలి. నడిపేవారు నడపాలి, స్కానర్ పక్క సీట్లో ఇంకొకరి చేతిలో ఉండాలి. బండి లింప్ మోడ్‌లో ఉంటే ఈ పరీక్షకు అర్థం లేదు, కాబట్టి ఫొటో తీసుకున్న కోడ్‌ని ఇప్పుడు చెరపండి. ఇంజన్ వేడెక్కాక మూడో గేరులో 1500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 3500 దాకా లాగండి. కంప్యూటర్ కోరిన బూస్ట్, వచ్చిన బూస్ట్, మాఫ్ విలువ, ఈ మూడూ రికార్డు చేయండి.

చదివే పద్ధతి ఇది.

కోరినదాని కంటే బూస్ట్ తక్కువ, మాఫ్ మాత్రం సరిగ్గా లేదా ఎక్కువగా చూపిస్తోంది అనుకోండి. గాలి లోపలికి వచ్చింది, ఇంజన్‌కి చేరలేదు. టర్బో తర్వాత ఎక్కడో లీకు ఉంది.

బూస్ట్ తక్కువ, మాఫ్ కూడా తక్కువ. గాలి లోపలికే రావడం లేదు. ఎయిర్ ఫిల్టరు, లోపలికి కుంచించుకుపోయే సక్షన్ పైపు, యాక్చుయేటర్ (బూస్ట్‌ని అదుపుచేసే కడ్డీ), మూసుకుపోయిన సైలెన్సర్ దారి, చివరగా టర్బో, ఈ వరుసలో వెతకండి. మాఫ్‌కి, టర్బోకి మధ్య పైపు చిరిగినా మాఫ్ తక్కువే చూపిస్తుంది.

బూస్ట్ కోరినదాన్ని దాటి ఎగబాకి ఒక్కసారిగా బండి చచ్చిపోతే, డీజిల్‌లో వేన్లు (టర్బైన్ చుట్టూ కోణం మార్చుకునే రెక్కలు) మసితో ఇరుక్కున్నాయని మొదట అనుమానించండి. పెట్రోల్‌లో వేస్ట్‌గేట్ తెరుచుకోవడం లేదు.

స్కానర్‌లో ప్రెషర్ రెండు రకాలుగా కనిపించవచ్చు. కొన్ని బయటి గాలిని కలిపి 200 కిలోపాస్కల్ అని చూపిస్తాయి, కొన్ని దాన్ని తీసేసి 1 బార్ అంటాయి. రెండూ దాదాపు ఒకటే. ఇది గమనించక కంగారుపడేవాళ్లు చాలామంది.

5. గాలి దారి మొత్తం చేత్తో తడమండి

ఎయిర్ ఫిల్టరు డబ్బా దగ్గర మొదలుపెట్టి ఇన్‌టేక్ మానిఫోల్డ్ దాకా ఒక్క పైపు వదలకుండా వెళ్లండి. ఎక్కువ లోపాలు ఈ దారిలోనే దొరుకుతాయి.

- ఫిల్టరు తీసి చూడండి. మురికిగా ఉంటే మార్చండి, దులిపి మళ్లీ పెట్టొద్దు
- రబ్బరు హోస్‌ల అడుగు భాగం అద్దంతో చూడండి. చిరుగులు ఎప్పుడూ కంటికి కనపడని వైపే ఉంటాయి
- హోస్‌ని వంచి, పిండి చూడండి. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, ఒత్తిడి వచ్చినప్పుడు తెరుచుకునే చీలికలు అప్పుడే బయటపడతాయి
- ప్రతి క్లాంపునీ తిప్పి చూడండి
- క్లిప్‌తో బిగుసుకునే పైపులకు లోపలి ఓ-రింగు ఉందో లేదో చూడండి
- ఇంటర్‌కూలర్ మూలలు, కింది అంచు రాయి దెబ్బ తిన్నాయేమో చూడండి

పైపు బయట ఒకేచోట జిడ్డు తడి కనిపిస్తే అక్కడే లీకు ఉందనుకోవచ్చు. లోపల పలచటి ఆయిల్ పొర ఉండటం మాత్రం మామూలే. ఇంజన్ బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే దారి) నుంచి వచ్చే ఆవిరి అది. "పైపులో ఆయిల్ ఉంది, టర్బో పోయింది" అని ఎవరైనా చూపిస్తే, వేలికి అంటేంతా, గిన్నెలోకి వంపేంతా అని అడగండి.

కంటికి ఏదీ దొరక్కపోతే ప్రెషర్ పరీక్ష. ఇంజన్ ఆపి, టర్బో గాలి పీల్చే నోటికి సరిపడే మూత బిగించి, రెగ్యులేటర్ ఉన్న కంప్రెసర్‌తో మెల్లగా 0.5 బార్ దాకా గాలి పంపండి. హోస్‌ల మీద సబ్బు నీళ్లు కొట్టండి. నురుగు ఎక్కడ పొంగితే అక్కడ లీకు. ఒత్తిడి పెంచాలని ఆశ పడొద్దు, ప్లాస్టిక్ పైపులు, మూతలు ఎగిరి ముఖానికి తగులుతాయి. పొగ యంత్రం దొరికితే ఇంకా తేలిక, కానీ అది తక్కువ ఒత్తిడితో పనిచేస్తుంది కాబట్టి మూసుకునే చీలికల్ని వదిలేయగలదు.

లీకు దొరికి సరిచేశాక నాలుగో అంకెలోని రోడ్డు పరీక్ష మళ్లీ చేయండి. బూస్ట్ సరిగ్గా వస్తే పని అయిపోయినట్టే, మిగతాది చదవకపోయినా పర్వాలేదు.

6. యాక్చుయేటర్, దాని గొట్టాలు

టర్బో ఎంత గట్టిగా ఊదాలో నిర్ణయించే కడ్డీ ఇది. మీ బండిలో ఏ రకం ఉందో ముందు గుర్తించండి, ఎందుకంటే ఒకే లోపం వాక్యూమ్, ప్రెషర్ రకాల్లో ఎదురెదురు ఫలితాలిస్తుంది.

వాక్యూమ్ రకం, ఎక్కువగా డీజిల్ వేరియబుల్ (వేన్లు కదిలే) టర్బోల్లో. ఇంజన్ స్టార్ట్ చేయగానే కడ్డీ లోపలికి లాక్కోవాలి, ఆపగానే వెనక్కి రావాలి. గొట్టం పగిలితే వాక్యూమ్ అందక బూస్ట్ పడిపోతుంది. చేతి పంపు తగిలించి మెల్లగా లాగండి. కడ్డీ పట్టకుండా, కుదుపు లేకుండా పూర్తిగా కదలాలి. పంపు ఆపితే గేజీ ముల్లు అక్కడే నిలబడాలి. ముల్లు పడిపోతే లోపలి పొర చిరిగింది. ముల్లు నిలబడి కడ్డీ మధ్యలో ఆగితే వేన్లు ఇరుక్కున్నాయి.

ప్రెషర్ రకం, వేస్ట్‌గేట్ ఉన్న పెట్రోల్ టర్బోల్లో. ఇక్కడ గొట్టం ఊడితే వేస్ట్‌గేట్ తెరుచుకోదు, బూస్ట్ హద్దు దాటుతుంది. మాన్యువల్ చెప్పిన ఒత్తిడి దగ్గర కడ్డీ కదలడం మొదలవ్వాలి.

ఎలక్ట్రానిక్ రకం. స్కానర్‌లో యాక్చుయేటర్ టెస్ట్ నడిపి, కోరిన స్థానం, వచ్చిన స్థానం కలుస్తున్నాయో చూడండి. కనెక్టర్‌లో తుప్పు, ఆయిల్ తడి ఉన్నాయేమో చూడండి.

సన్నటి వాక్యూమ్ గొట్టాలు చివర్లో గట్టిపడి పగుళ్లిస్తాయి. అనుమానం ఉన్నవన్నీ ఒకేసారి మార్చేయడం నయం. సోలినాయిడ్‌కి రెండు మూడు గొట్టాలు వస్తాయి. తీసే ముందు ఫొటో తీయండి, అటుది ఇటు తగిలిస్తే కొత్త లోపం పుట్టుకొస్తుంది.

బూస్ట్ తక్కువగా ఉందని కడ్డీ నట్టు, స్టాపు స్క్రూ తిప్పి "సెట్" చేయడం చాలా చోట్ల జరుగుతుంది. ముట్టుకోకండి. అది ఫ్యాక్టరీలో గాలి ప్రవాహం కొలిచి పెట్టిన సెట్టింగు. ఒకసారి కదిలితే అంచనాతో వెనక్కి రాదు.

7. పొగ బయటికి వెళ్తోందా?

టర్బైన్‌ని తిప్పేది సైలెన్సర్ వైపు వెళ్లే పొగే. ఆ దారి మూసుకుపోతే మంచి టర్బో కూడా తిరగదు. డీజిల్‌లో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ముందూ వెనకా ఒత్తిడి తేడాని స్కానర్‌లో చూసి మాన్యువల్‌తో పోల్చండి. పెట్రోల్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసేది) లోపలి జల్లెడ విరిగి అడ్డం పడుతుంది.

మానిఫోల్డ్‌కి, టర్బోకి మధ్య గ్యాస్కెట్ దగ్గర నల్లటి మసి గీతలు కనిపిస్తే పొగ అక్కడే బయటికి పోతోంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని వినిపించి, వేడెక్కాక తగ్గితే దాదాపు ఖాయం.

8. ఇప్పుడు టర్బోని చూడండి

ఇంత దూరం వచ్చాకే దీని వంతు. ఇంజన్ చల్లగా ఉండాలి. గాలి పీల్చే వైపు పైపు తీసి, టార్చి వేయండి.

రెక్కల అంచులు. తునకలు లేచి ఉంటే ఏదో గట్టి ముక్క లోపలికి వెళ్లింది. అంచులు అరిగి గుండ్రంగా, గరుకుగా ఉంటే దుమ్ము వెళ్లింది. ఫిల్టరు సరిగ్గా కూర్చోలేదన్నమాట.

గోడ. రెక్కలు చుట్టూ ఉన్న గోడని గీసిన మచ్చలు ఉంటే బేరింగు పోయింది. ఇక వాదన అక్కర్లేదు.

తిప్పి చూడటం. నట్టుని వేళ్లతో పట్టుకుని తిప్పండి. తేలిగ్గా తిరగాలి, ఎక్కడా రాసుకోకూడదు. పక్కలకు నొక్కి పట్టి కూడా తిప్పండి.

ఆట. పక్కలకు కొద్దిగా కదలడం మామూలే. ఈ బేరింగులు ఆయిల్ పొర మీద తేలుతూ పనిచేస్తాయి, ఆపి ఉన్నప్పుడు ఆ ఖాళీ చేతికి తెలుస్తుంది. దాన్ని చూపించి టర్బో పోయిందనడం పొరపాటు. ముందుకీ వెనక్కీ లాగి తోసినప్పుడు మాత్రం చేతికి కదలిక దాదాపు తెలియకూడదు. టక్కుమని కొడితే థ్రస్ట్ బేరింగు అరిగింది. నిక్కచ్చిగా కావాలంటే డయల్ గేజీ పెట్టి కొలిచి, మాన్యువల్ హద్దుతో పోల్చండి.

ఆట లేదు, రెక్కలు బాగున్నాయి, కానీ ఆయిల్ కారుతోంది అంటే? తొందరపడకండి. టర్బో లోపల ఉండేవి మామూలు రబ్బరు ఆయిల్ సీళ్లు కావు, పిస్టన్ రింగు లాంటి లోహపు రింగులు. రెండు వైపులా ఉన్న గాలి, పొగ ఒత్తిడి వల్లే ఆయిల్ లోపల నిలుస్తుంది. ఆయిల్ వెనక్కి వెళ్లే పైపు మూసుకుపోయినా, బ్రీదర్ మూసుకుని క్రాంక్‌కేస్‌లో (ఇంజన్ కింది భాగంలో) ఒత్తిడి పెరిగినా, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా మంచి టర్బో కూడా ఆయిల్ కక్కుతుంది. ఈ మూడూ సరిచేసి మళ్లీ చూడండి.

9. దేన్ని ఇంట్లో చేయొచ్చు?

హోస్, క్లాంపు, వాక్యూమ్ గొట్టం, సోలినాయిడ్, సెన్సరు శుభ్రం చేయడం, బ్రీదర్ మార్చడం, గ్యాస్కెట్ మార్చడం, వీటికి ఓపిక ఉంటే చాలు. యాక్చుయేటర్ మార్చడం కొన్ని బండ్లలో తేలిక. కొన్నింట్లో కొత్తదాన్ని స్కానర్‌తో కాలిబ్రేట్ చేయాలి.

మసితో ఇరుక్కున్న వేన్లను టర్బో దింపి శుభ్రం చేయవచ్చు. టర్బైన్ హౌసింగు ఏ కోణంలో ఉందో గీత పెట్టుకుని విప్పండి. మసి తీసేటప్పుడు గట్టి ఉలితో గీకొద్దు. ఓవెన్ క్లీనర్ వాడమని చెప్పేవాళ్లుంటారు. అందులోని కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది, కాబట్టి టర్బో కంప్రెసర్ (గాలి పీల్చే) వైపుకి చుక్క కూడా తగలకూడదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వేడి లోహం మీద కొట్టొద్దు, విషవాయువు పుడుతుంది.

బేరింగులు, షాఫ్టు మార్చి ఇంట్లో రిపేరు కిట్టు వేయడం మాత్రం వద్దంటాను. చిన్న కార్ల టర్బో నిమిషానికి 2 లక్షల చుట్లు దాటి తిరుగుతుంది. ఆ వేగంలో వెంట్రుకవాసి బరువు తేడా ఉన్నా షాఫ్టు నిలవదు. బ్యాలెన్సింగ్ యంత్రం లేకుండా ఆ పని పూర్తి కాదు. రిపేరు చేసిన టర్బో కొంటుంటే బ్యాలెన్స్ రిపోర్టు అడగండి. వేరియబుల్ రకమైతే గాలి ప్రవాహం సెట్ చేసిన కాగితం కూడా అడగండి.

బండి మోడల్ చెప్పి టర్బో కొనొద్దు. పాతదాని మీద చిన్న రేకు ఉంటుంది, దాని మీది పార్టు నంబరుతో కొనండి.

10. కొత్తది తెచ్చే ముందు: పాతది ఎలా పోయింది?

పాతదాన్ని విప్పి చూడటం వృథా పని కాదు, వారంటీ మాటకొస్తే అదే సాక్ష్యం.

- షాఫ్టు నీలంగా, నల్లగా కమిలింది: ఆయిల్ అందలేదు. సప్లై పైపు, సంపులోని (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోని) జల్లెడ చూడాలి
- బేరింగుల మీద చుట్టూ గీతలు: ఆయిల్‌లో మురికి, మసి రేణువులు
- మధ్య భాగంలో బొగ్గులా గట్టిపడిన ఆయిల్: ఆయిల్ మార్పు ఆలస్యం, లేదా వేడి మీద ఇంజన్ ఆపేయడం
- టర్బైన్ వైపు రెక్కలు విరిగాయి: ముక్క ఇంజన్ నుంచే వచ్చింది. వాల్వు, గ్లో ప్లగ్ మొన, ఇంజెక్టర్ మొన చూడకుండా ముందుకు వెళ్లొద్దు
- కంప్రెసర్ చక్రం విరిగింది, లోపల శుభ్రంగానే ఉంది: లీకు వల్ల హద్దు దాటి తిరిగి ఉండవచ్చు

కొన్ని డీజిల్ ఇంజన్లలో ఇంజెక్టర్ కింది రాగి వాషర్ లీకై, పొగ వాల్వు కవరు కిందికి చేరి ఆయిల్‌ని తారులా మారుస్తుంది. ఆ తారు సంపు జల్లెడను మూసేస్తుంది, టర్బో ఎండిపోతుంది. ఇంజెక్టర్ల చుట్టూ నల్లటి తారు కనిపిస్తే సంపు విప్పకుండా కొత్త టర్బో బిగించకండి.

11. దింపడం

బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. ఆయిల్ దింపండి. టర్బోకి కూలెంట్ పైపులుంటే కూలెంట్ కూడా. తర్వాత వేడిని ఆపే రేకులు, గాలి పైపులు, యాక్చుయేటర్ గొట్టం లేదా కనెక్టర్, ఆయిల్ సప్లై, ఆయిల్ రిటర్ను, సైలెన్సర్ పైపు, చివరగా మానిఫోల్డ్ నట్లు, ఈ వరుస చాలా బండ్లకు సరిపోతుంది.

స్టడ్ నట్లకు ముందురోజు రాత్రే తుప్పు ఆయిల్ కొట్టి ఉంచండి. బిగుసుకుంటే బలం పెట్టకుండా కొంచెం వదులు, కొంచెం బిగువు చేస్తూ రండి. స్టడ్ విరిగితే ఒక పూట పని రెండు రోజులవుతుంది.

విప్పిన ప్రతి రంధ్రానికీ వెంటనే మూత పెట్టండి. టర్బోని కడ్డీ పట్టుకుని ఎత్తొద్దు.

12. బిగించడం

ముందు శుభ్రం. ఇంటర్‌కూలర్ విప్పి లోపలి ఆయిల్ పూర్తిగా దింపండి. కంప్రెసర్ చక్రం విరిగి ఉంటే ఇంటర్‌కూలర్ మార్చడమే క్షేమం. దాని సందుల్లో ఇరుక్కున్న తునకలు కడిగితే అన్నీ రావు, తర్వాత ఒక్కొక్కటిగా ఇంజన్‌లోకి వెళ్తాయి.

తప్పనిసరిగా కొత్తవి వేయవలసినవి:

- ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు
- ఆయిల్ సప్లై పైపు. బయటికి బాగున్నా లోపల బొగ్గు పేరుకుని ఉంటుంది
- బాంజో బోల్టులో (మధ్యలో ఆయిల్ దారి ఉన్న బోల్టు) చిన్న జల్లెడ ఉంటే అది
- గ్యాస్కెట్లన్నీ, రాగి వాషర్లు, ఓ-రింగులు
- ఎయిర్ ఫిల్టరు

రిటర్ను పైపుని గాలి ఊది, ఆరపారగా వెలుతురు చూసి బిగించండి. ఆయిల్ ఫ్లాంజిల దగ్గర సిలికాన్ పేస్టు వాడొద్దు. పిండుకుని లోపలికి వెళ్లిన ముక్క ఊడిపోయి ఆయిల్ దారికి అడ్డం పడుతుంది.

మానిఫోల్డ్ నట్లన్నీ చేత్తో ఎక్కించాకే టార్క్ రెంచి పట్టండి. సప్లై పైపు బిగించే ముందు టర్బో ఆయిల్ రంధ్రంలో సిరంజితో శుభ్రమైన ఇంజన్ ఆయిల్ పోసి, చక్రాన్ని వేలితో కొన్ని చుట్లు తిప్పండి. పది నిమిషాలు కూడా పట్టని ఈ పని మానేసి కొత్త టర్బోని మొదటి స్టార్టుకే పాడుచేసుకునేవాళ్లున్నారు.

13. మొదటి స్టార్టు

1. ఆయిల్, కూలెంట్ మట్టాలు సరిచూడండి.
2. ఇంజన్ అందుకోకుండా ఇంధనం ఆపండి. మాన్యువల్ చెప్పిన ఫ్యూజు గానీ, ఇంజెక్టర్ కనెక్టర్లు గానీ తీయండి.
3. 10 సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి, మధ్యలో మోటారు చల్లారనివ్వండి. ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా ఇలాగే.
4. ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేయండి. 3 నుంచి 5 నిమిషాలు ఐడ్లింగ్‌లోనే ఉంచండి. రేజ్ చేయొద్దు.
5. సప్లై, రిటర్ను పైపుల దగ్గర తడి చూడండి.
6. ఇంజన్ ఆపి ఆయిల్ మట్టం మళ్లీ చూడండి.
7. కోడ్‌లు చెరపండి. మీ బండికి అవసరమైతే స్కానర్‌తో టర్బో అడాప్టేషన్ (కొత్త టర్బోని కంప్యూటర్‌కి అలవాటు చేయడం) చేయండి.

సైలెన్సర్‌లో పాత ఆయిల్ మిగిలి ఉంటుంది కాబట్టి మొదటిసారి వేడెక్కినప్పుడు పొగ వస్తుంది. నడుపుతున్నకొద్దీ తగ్గాలి. తగ్గకపోతే రిటర్ను పైపు దగ్గరికే మళ్లీ వెళ్లండి.

14. బిగించాక వచ్చే ఇబ్బందులు

కొత్త టర్బో అయినా బూస్ట్ తక్కువే. అసలు లోపం లీకేజీయో, సోలినాయిడో. ఐదు, ఆరు అంకెలు మళ్లీ చేయండి.

కొత్త టర్బో నుంచి ఆయిల్ కారుతోంది. రిటర్ను పైపు వంగి నలిగిందా, గ్యాస్కెట్ రంధ్రానికి అడ్డంగా కూర్చుందా, బ్రీదర్ మూసుకుపోయిందా చూడండి. టర్బోని తప్పుపట్టే వంతు ఆ తర్వాతే.

ఈల ఎక్కువగా ఉంది. గాలి పైపు సరిగ్గా కూర్చోకపోయినా, మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర పొగ లీకైనా ఈల వస్తుంది. అవి రెండూ సరిగ్గా ఉండి సైరన్‌లా మోగుతుంటే బ్యాలెన్స్ లోపం, తిరిగి ఇచ్చేయండి.

బూస్ట్ ఎక్కువై లింప్ మోడ్‌కి వెళ్తోంది. గొట్టాలు తారుమారయ్యాయేమో తీసే ముందు తీసిన ఫొటోతో పోల్చండి. యాక్చుయేటర్ కాలిబ్రేషన్ మిగిలిపోయిందేమో కూడా చూడండి.

మొదటి 100 కిలోమీటర్లు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కకుండా నడిపి, ఇంజన్ చల్లారాక క్లాంపులు, ఆయిల్ పైపుల దగ్గర తడి, ఆయిల్ మట్టం ఇంకోసారి చూడండి. పాత టర్బో లోహపు పొడి వదిలి ఉంటే, లేదా సంపులో తారు దొరికి ఉంటే, ఈ ఆయిల్‌ని మామూలు గడువు దాకా ఉంచకుండా 1000 కిలోమీటర్ల లోపే ఫిల్టరుతో సహా మార్చేయండి. తర్వాత మూడో గేరు పరీక్ష ఒకసారి చేసి, ఆ రికార్డు దాచుకోండి. మళ్లీ ఎప్పుడైనా పికప్ తగ్గిందనిపిస్తే పోల్చుకోవడానికి మీ బండి అంకెలే మీ దగ్గర ఉంటాయి.